ట్రైలర్ ఊగుడికి హిచ్ ఒక్కటే మందా?

అమెరికాలో ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే, మంచాలూ వంటగదీ ఉన్న బండి) అమ్మే చోట బేరం తెగే సమయానికి ఒక మాట తప్పకుండా వస్తుంది: "దీంతోపాటు వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ కూడా వేయించేసుకోండి, ఇక వెనక బండి ఊగదు." హిచ్ అంటే కారుకీ ట్రైలర్‌కీ మధ్య తగిలింపు; ఈ రకం హిచ్‌లో ట్రైలర్ ముక్కు బరువుని పంచే బార్లు ఉంటాయి. అమ్మేవాడి మాటలో సగమే నిజం. ఏ సగం నిజమో తెలియకుండా కొంటే డబ్బు వృథా కావడం ఒక ఎత్తు, హైవే మీద ప్రాణాల మీదికి రావడం ఇంకో ఎత్తు.

కారు వెనక ట్రైలర్ తగిలించాక వచ్చే ఇబ్బందులు రెండు. మొదటిది వాలడం. ట్రైలర్ ముక్కు బరువంతా కారు వెనక భాగం మీద పడి, వెనక కిందికి దిగి, ముందు చక్రాలు తేలికైపోతాయి. స్టీరింగ్ పట్టు తగ్గుతుంది, రాత్రిపూట హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్లలోకి కొడతాయి. రెండోది ఊగడం. ట్రైలర్ తోక కుడికీ ఎడమకీ కొట్టుకుంటూ కారు వెనక భాగాన్ని కూడా తనతో లాక్కుంటుంది. వాలడానికి కారణం వేరు, ఊగడానికి కారణం వేరు. మందులూ వేరే. కానీ అమెరికా మార్కెట్లో ఈ రెండు మందుల్నీ ఒకే పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు కాబట్టి, కొనేవాళ్లకి రెండూ ఒకటే అనిపిస్తుంది.

విశాఖపట్నంలో కూర్చున్న మనకెందుకీ గొడవ అంటారేమో. మన వీధుల్లో పిల్లలు అమెరికాలో లేని ఇళ్లు ఎన్ని? వాళ్లు అక్కడ నాలుగేళ్లు స్థిరపడ్డాక, వేసవి సెలవులకి ఒక ట్రైలర్ కొని నేషనల్ పార్కులు తిరగడం మొదలుపెడుతున్నారు. అమ్మానాన్నలు వెళ్లినప్పుడు వాళ్లూ అందులోనే. డాలస్‌లో ఉంటున్న మా మేనల్లుడు కూడా ఆ దారిలోనే ఉన్నాడు. "మావయ్యా, నువ్వు గాజువాకలో జీవితమంతా ట్రైలర్ల మధ్యే పనిచేశావు కదా, ఈ హిచ్‌ల్లో ఏది కొనాలో చెప్పు" అన్నాడు. ఏది కొనాలో చెప్పే ముందు ఏం తూయాలో చెప్పాల్సి వచ్చింది. వాడికి ముక్కలు ముక్కలుగా ఫోన్లో చెప్పిందే ఇక్కడ ఒక వరసలో పెడుతున్నాను.

మన పోర్టు ట్రైలర్లు ఎందుకు ఊగవు?

గాజువాక, కూర్మన్నపాలెం మీదుగా రోజంతా కంటెయినర్లు, స్టీల్ ప్లాంట్ కాయిల్స్ వేసుకుని ట్రైలర్లు పోతూనే ఉంటాయి. ఇరవై, ముప్పై టన్నులు. అయినా వాటి తోక కొట్టుకోవడం మనకి దాదాపు కనబడదు. మూడు టన్నుల ట్రావెల్ ట్రైలర్ మాత్రం వంద కిలోమీటర్ల వేగంలో పాములా మెలికలు తిరగవచ్చు. తేడా బరువులో లేదు. రెండు బండ్లూ ఎక్కడ కలుస్తున్నాయన్నదే తేడా.

పోర్టు ట్రైలర్‌లో కింగ్‌పిన్ (ట్రైలర్‌ని లారీకి తగిలించే లావుపాటి ఇనుప కడ్డీ) వచ్చి లారీ వెనక యాక్సిల్‌కి, అంటే ఇరుసుకి, పైన గానీ, కాస్త ముందుగా గానీ కూర్చుంటుంది. ట్రైలర్ పక్కకి తోసినా ఆ తోపు నేరుగా చక్రాల మీదికి పోతుంది. లారీని తిప్పడానికి దానికి మీట దొరకదు. ట్రావెల్ ట్రైలర్ అలా కాదు. అది కారు బంపర్ కింద ఉన్న బాల్‌కి, అంటే గుండ్రటి ఇనుప బంతికి, తగులుతుంది. ఆ బాల్ వెనక యాక్సిల్‌కి మీటరుకి పైగా వెనక ఉంటుంది. ట్రైలర్ ఎడమకి తోస్తే బాల్ ఎడమకి పోతుంది, కారు ముక్కు కుడికి తిరుగుతుంది. కారు తిరిగిన కొద్దీ బాల్ ఇంకా పక్కకి జరుగుతుంది. తోకే కుక్కని ఆడించడం మొదలవుతుంది. ఈ ఒక్క మీటరు సంగతి గుర్తుపెట్టుకోండి, ఖరీదైన హిచ్‌ల దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ పనికొస్తుంది.

ఊగుడు అసలెలా పుడుతుంది?

ఎన్‌హెచ్-16 మీద స్కూటర్ మీద పోతుంటే వోల్వో బస్సు ఓవర్‌టేక్ చేసినప్పుడు మొదట గాలి మనల్ని పక్కకి నెడుతుంది, మరుక్షణం బస్సు వైపు లాగుతుంది. పక్కగోడ 15 చదరపు మీటర్లుండే ట్రైలర్‌కి కూడా ఇదే జరుగుతుంది. గంటకి 50 కిలోమీటర్ల గాలి అడ్డంగా కొడితే ఆ గోడ మీద పడే తోపు సుమారు 175 కిలోల బరువుతో సమానం. భీమిలి బీచ్ రోడ్డులో గాలి ఎక్కువున్న రోజు ఖాళీ టెంపో వ్యాన్ ఎలా తూలుతుందో చూసినవాళ్లకి ఇది వివరించి చెప్పక్కర్లేదు.

తోపు రాగానే ట్రైలర్ కొద్దిగా తిరుగుతుంది. దాని టైర్లు నేలని పట్టుకుని మళ్లీ గీతలోకి తెస్తాయి. కానీ అంత బరువున్న వస్తువు సరిగ్గా గీత దగ్గరే ఆగదు, అవతలికి దాటుతుంది. అక్కణ్నుంచి మళ్లీ వెనక్కి. ప్రతి ఊపులోనూ టైర్లు కొంత శక్తిని తినేస్తే రెండు మూడు ఊపుల్లో అణగిపోతుంది. తినే దానికన్నా పుట్టేది ఎక్కువైతే ఊపు పెరుగుతూ పోతుంది.

అసలు మెలిక వేగంలో ఉంది. వేగం పెరిగే కొద్దీ ఊపుని చంపే టైర్ల శక్తి తగ్గుతుంది. అందుకే ప్రతి కారు, ట్రైలర్ జంటకీ ఒక హద్దు వేగం ఉంటుంది. ఆ హద్దుకి లోపల ఏ తోపు వచ్చినా ఊపు అణుగుతుంది. దాటితే చిన్న తోపు కూడా పెరిగి పెద్దదవుతుంది. "తొంభైలో రాయిలా ఉంది, నూట ఐదుకి వచ్చేసరికి పిచ్చెక్కింది" అని డ్రైవర్లు చెప్పేది అతిశయోక్తి కాదు, భౌతికశాస్త్రమే. తొంభైలో బాగుందంటే అర్థం హద్దు తొంభైకి పైన ఎక్కడో ఉందని మాత్రమే. ఎంత పైన ఉందో తొంభైలో తెలియదు. ఈ హద్దుని మనం పైకి జరపవచ్చు, కిందికి దించుకోవచ్చు. అది ప్రధానంగా సామాను సర్దడంలో ఉంది.

మన తాతలు ఎడ్లబండి మీద ధాన్యం బస్తాలు వేసేటప్పుడు చూసుకున్నదే ఇక్కడా చూసుకోవాలి. బస్తాలన్నీ వెనక వేస్తే నొగ పైకి లేచి కాడి ఎద్దుల మెడని పైకి లాగేస్తుంది. అన్నీ ముందు వేస్తే ఎద్దులు మెడ ఎత్తలేవు. కాడి మీద కొంచెం బరువు నిలిచేలా సర్దినవాడే బండి తోలడం తెలిసినవాడు. ట్రైలర్ ముక్కు బాల్ మీద మోపే ఆ బరువునే అమెరికాలో టంగ్ వెయిట్ అంటారు. అక్కడి సలహా ప్రకారం నిండు ట్రైలర్ మొత్తం బరువులో అది 10 నుంచి 15 శాతం ఉండాలి. పదికి తగ్గితే ఊగుడు దగ్గరపడుతుంది, పదిహేను దాటితే కారు వెనక భాగం మోయలేదు.

యూరప్‌లో కారవాన్లు 5 నుంచి 7 శాతంతోనే తిరుగుతాయి కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. కానీ అక్కడ చాలా దేశాల్లో వేగం తక్కువ. జర్మనీలో ట్రైలర్‌తో మామూలు పరిమితి 80 కిలోమీటర్లు, ప్రత్యేక అనుమతి ఉంటే 100. పైగా అక్కడి కారవాన్లలో బరువైన వస్తువులు యాక్సిల్‌కి దగ్గరగా ఉండేలా కడతారు. అక్కడి శాతం తెచ్చి టెక్సస్ వేగంతో కలిపితే కొంప మునుగుతుంది.

సర్దడంలో శాతం ఒక్కటే చాలదు. బరువు యాక్సిల్‌కి ఎంత దూరంలో ఉందో ఆ దూరానికి వర్గం లెక్కన తిరగడానికి మొండితనం పెరుగుతుంది. అంటే వెనక ఒక బరువు, దానికి సరిసమానంగా ముందు ఒక బరువు పెట్టి శాతం సరిచేసినా ట్రైలర్ ఊగితే ఆగదు. బరువులు మధ్యలో ఉండాలి. వెనక బంపర్ మీద సైకిళ్ల స్టాండ్ వేసి నాలుగు సైకిళ్లు కట్టడం చాలామంది చేసే పని. స్టాండుతో కలిపి 60 కిలోలనుకుందాం. యాక్సిల్‌కి అది 3 మీటర్లు వెనక, బాల్ 5 మీటర్లు ముందు ఉంటే, ఆ సైకిళ్లు ముక్కు మీంచి 36 కిలోలు ఎత్తేస్తాయి. అసలు ముక్కు బరువు 300 ఉన్నచోట ఇది చిన్న విషయం కాదు.

నీళ్ల ట్యాంకు సంగతి ఇంకా మోసకారి. మంచినీళ్ల ట్యాంకు 150, 200 లీటర్లుంటుంది. లీటరుకి కిలో. కొన్ని మోడళ్లలో ట్యాంకు యాక్సిల్‌కి ముందు, కొన్నిట్లో వెనక. వెనక ఉన్న మోడల్‌లో ట్యాంకు నింపుకుని బయల్దేరితే బాగా ఊగిన ట్రైలరే, తిరుగు ప్రయాణంలో ఖాళీ ట్యాంకుతో బుద్ధిగా వస్తుంది. ట్రైలర్ కొనేటప్పుడు సోఫా రంగు చూసేంత శ్రద్ధగా కిందికి వంగి ట్యాంకు ఎక్కడుందో చూడమని మా వాడికి చెప్పాను.

బార్లు ఏం చేస్తాయి, ఏం చేయవు

ఇప్పుడు వాలడం దగ్గరికి వద్దాం. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌లో బాల్ ఉన్న తలకాయ కారు వెనక చట్రానికి బిగించిన చదరపు గొట్టంలో, అంటే రిసీవర్‌లో, గట్టిగా బిగుసుకుని ఉంటుంది. ఆ తలకాయ కింద నుంచి రెండు స్ప్రింగ్ స్టీల్ బార్లు వెనక్కి, ట్రైలర్ ముందున్న త్రికోణపు ఫ్రేము కిందికి పోతాయి. వాటి చివరలని గొలుసులతోనో బ్రాకెట్లతోనో పైకి లాగి ఫ్రేముకి కడతారు. పైకి వంగిన బార్లు తిరిగి నిటారు కావాలని చూస్తాయి. ఆ ప్రయత్నంలో కారు వెనక భాగాన్ని పైకి ఎత్తి, ముందు చక్రాలని కిందికి నొక్కుతాయి. అదే బలం ట్రైలర్ ఫ్రేమునీ కిందికి నొక్కుతుంది కాబట్టి కొంత బరువు ట్రైలర్ చక్రాల మీదికి పోతుంది.

లెక్క చూస్తేనే ఇది స్పష్టంగా అర్థమవుతుంది. నేను వేసుకున్న ఉదాహరణలో కుటుంబం, సామానుతో సహా ఒక పెద్ద ఎస్‌యూవీ ఉంది. ముందు యాక్సిల్ మీద 1480, వెనక 1420, మొత్తం 2900 కిలోలు. వీల్‌బేస్, అంటే ముందు వెనక యాక్సిళ్ల మధ్య దూరం, 3.1 మీటర్లు, వెనక యాక్సిల్ నుంచి బాల్‌కి 1.2 మీటర్లు. ట్రైలర్ నిండుగా 3000 కిలోలు, అందులో ముక్కు బరువు 360, అంటే 12 శాతం. బార్లు లేకుండా తగిలిస్తే 360ని 1.2తో గుణించి 3.1తో భాగించినంత, సుమారు 140 కిలోలు ముందు యాక్సిల్ మీంచి లేచిపోతాయి. ముందు 1340 అవుతుంది. వెనక మాత్రం 360 కాదు, ఏకంగా 500 పెరిగి 1920 అవుతుంది. ట్రైలర్ చక్రాల మీద 2640.

బార్లు కట్టి, ముందు యాక్సిల్ మీంచి పోయిన బరువులో సగం తిరిగి ముందుకే తెస్తే ముందు 1410, వెనక 1815, ట్రైలర్ 2675. ఇంకా బిగించి మొత్తం తిరిగి ముందుకే తెస్తే ముందు 1480, వెనక 1710, ట్రైలర్ 2710. మూడు సందర్భాల్లోనూ కూడిక 5900 కిలోలే. బరువు ఎక్కడికీ పోలేదు, చోటు మారిందంతే. సామాన్లు సర్దిన చోటు కూడా మారలేదు. వెనక కట్టిన సైకిళ్లు వెనకే ఉన్నాయి.

ఇదే నేను మొదట చెప్పిన సగం నిజం. బార్లు స్టీరింగ్‌కి ప్రాణం పోస్తాయి, వెనక టైర్ల మీద భారం దించుతాయి. ఆ మేరకు కారు స్థిరంగా ఉంటుంది, దాంతో ట్రైలర్‌ని అదుపులో పెట్టడం తేలికవుతుంది. కానీ 8 శాతం ముక్కు బరువుతో సర్దిన ట్రైలర్‌ని ఏ బారూ బాగుచేయదు. అక్కడ రోగం ఒకటి, మందు ఇంకొకటి.

ఎక్కువ బిగిస్తే ఇంకా మంచిది అనుకోవడం మరో పొరపాటు. ట్రైలర్ పక్కకి తోసే తోపుని ఆపేది కారు వెనక టైర్లే. వాటి మీంచి బరువు మరీ తీసేసి ముందుకి పంపితే వెనక పట్టు సడలి, తోక జారే గుణం పెరుగుతుంది. ఒకప్పుడు ముందు యాక్సిల్ మీంచి పోయిన బరువంతా తిరిగి అక్కడికే రావాలని చెప్పేవారు. ఇప్పుడు చాలా కార్ల మాన్యువళ్లు సగం దాకా తెస్తే చాలంటున్నాయి. మీ కారు మాన్యువల్ ఏం చెబితే అదే లెక్క. యూట్యూబ్‌లో ఎవరో బార్లు బిగించిన గొలుసు లింకుల సంఖ్య మీకు లెక్క కాదు.

మరి ఊగుడుకి మందు?

మామూలు బార్ల హిచ్‌కి పక్కన ఒక ఫ్రిక్షన్ బార్ తగిలించడం అన్నిట్లోకీ చవక. లోపల బ్రేక్ లైనర్ లాంటి పలక రాసుకుంటూ ట్రైలర్ తిరగడాన్ని అడ్డుకుంటుంది. చిన్న ట్రైలర్‌కి పర్వాలేదు. అయితే రివర్స్‌లో గట్టిగా తిప్పేటప్పుడు దాన్ని తీసేయాలి, జారే రోడ్డు మీద వదులు చేయాలి. వానలో దిగి ఆ పని ఎంతమంది చేస్తారో నాకు అనుమానమే.

ఈక్వలైజర్ లాంటి బ్రాండ్ హిచ్‌లలో బార్లే బ్రాకెట్ల మీద రాసుకుంటూ ఆ పని చేస్తాయి. విడిగా తగిలించాల్సింది ఏమీ ఉండదు, రివర్స్‌కి తీయక్కర్లేదు. మలుపుల్లో కీచుమంటుంది, అది భరించాలి. రీస్ కంపెనీ డ్యూయల్ క్యామ్ హిచ్‌ది ఇంకో పద్ధతి. బార్ల చివర క్యాములు (మిట్టల్లాంటి ముక్కలు) గాడిలో కూర్చుంటాయి. నిటారుగా పోయేటప్పుడు గాడిలోంచి కదలడానికి ఒప్పుకోవు, నిజమైన మలుపు వచ్చినప్పుడు ఎక్కి దిగుతాయి. మూడు టన్నుల కుటుంబ ట్రైలర్‌కి ఈ రెండు రకాల్లో ఏదైనా సరిపోతుందని నా అభిప్రాయం. ఆండర్సన్ కంపెనీ వాళ్లదానిలో స్టీల్ బార్లే ఉండవు, గొలుసులు, రబ్బరు లాంటి యూరథేన్ బుష్‌లతో నడుస్తుంది. తేలిక, శుభ్రం, శబ్దం లేదు. కానీ ముక్కు బరువు ఎక్కువున్నప్పుడు ముందు యాక్సిల్‌కి బరువు తిరిగి తేవడంలో బార్లంత బలం చూపదు.

రాపిడి మీద నడిచే వాటన్నిటికీ ఒక హద్దుంది. అవి ఇచ్చే అడ్డు ఇంచుమించు స్థిరం. చిన్న ఊపుని మొదట్లోనే చంపుతాయి. ఊపు పెద్దదైపోయాక ఆ అడ్డు దాని ముందు ఏ మూలకీ చాలదు. దానికన్నా నన్ను భయపెట్టేది, అవి తప్పు సర్దుడుని దాచేస్తాయి. హద్దు వేగం దగ్గరికి వచ్చినప్పుడు ముందుగా తెలియజేసే చిన్న ఊపులు కనబడకుండా పోతాయి. డ్రైవర్ ధీమాగా ఇంకో పది కిలోమీటర్లు పెంచుతాడు.

చివరగా హెన్స్‌లీ, ప్రోప్రైడ్ అనే హిచ్‌లు. రెండూ జిమ్ హెన్స్‌లీ అనే ఆయన డిజైన్‌లే. వీటిలో కారుకీ ట్రైలర్‌కీ మధ్య నాలుగు కీళ్ల లింకేజి ఉంటుంది. ఆ లింకులు ముందుకి ఒకదానికొకటి దగ్గరయ్యే కోణంలో ఉంటాయి. వాటిని ఊహలో పొడిగిస్తే కలిసే చోటు బాల్ దగ్గర కాదు, కారు వెనక యాక్సిల్ దరిదాపుల్లో ఉంటుంది. ట్రైలర్ పక్కకి తోసినప్పుడు అక్కడే తోసినట్టవుతుంది. మన పోర్టు ట్రైలర్ కింగ్‌పిన్ ఉన్న చోటన్నమాట. ఊగుడుని అణచడం కాదు, ఊగడానికి దొరికిన ఆ మీటరు మీటనే తీసేస్తాయి. ఇంజినీరుగా నాకు ముచ్చటేసింది ఇదే. కాకపోతే ధర మామూలు హిచ్‌కి ఎన్నో రెట్లు, బరువూ ఎక్కువ, తగిలించేటప్పుడు కారుని సరిగ్గా గీతలో వెనక్కి తేవాలి. ట్రైలర్ పొడవుగా, కారు వీల్‌బేస్ పొట్టిగా ఉండి, ఏడాదిలో చాలా దూరం తిరిగేవాళ్లకైతే కొనమంటాను. సంవత్సరానికి ఒకసారి ఊరి పక్క లేక్ దాకా వెళ్లొచ్చేవాళ్లకి వద్దంటాను.

కాటా చీటీ లేకుండా కొనకండి

మన దగ్గర ఆటోనగర్ చుట్టుపక్కల, పోర్టు దారిలో ఎక్కడ చూసినా వేబ్రిడ్జిలే. చీటీ లేకుండా లోడు కదలదు. అమెరికాలో హైవే పక్క ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అని ఉంటాయి. ప్లాట్‌ఫాం భాగాలుగా ఉండటం వల్ల ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, ట్రైలర్ ఒకేసారి విడివిడిగా వస్తాయి. కొన్ని డాలర్ల ఖర్చు. వేల డాలర్ల హిచ్ కొనేవాళ్లు ఈ చిన్న ఖర్చు దగ్గర ఎందుకు వెనకాడతారో నాకు అర్థం కాదు.

కావాల్సింది మూడు చీటీలు. ట్రైలర్ తగిలించి, బార్లు బిగించి ఒకటి. బార్లు వదిలేసి ఒకటి. ట్రైలర్ పక్కన విప్పేసి కారు ఒక్కటే ఒకటి. మూడుసార్లూ కార్లో అదే మనుషులు, అదే సామాను, డీజిలో పెట్రోలో అంతే ఉండాలి. రెండో చీటీలో కారు రెండు యాక్సిళ్ల మొత్తం నుంచి మూడో చీటీలో మొత్తం తీసేస్తే ముక్కు బరువు. నా ఉదాహరణలో 3260 నుంచి 2900 పోతే 360. మూడో చీటీలో ముందు యాక్సిల్ 1480, రెండోదానిలో 1340, కాబట్టి పోయింది 140. మొదటి చీటీలో 1410 ఉంటే సగం తిరిగొచ్చినట్టు. హిచ్ ఇంకా కొనకపోతే రెండో చీటీ, మూడో చీటీ చాలు, ఏ సైజు కొనాలో అవే చెబుతాయి.

సైజు అంటే బార్ల రేటింగ్. అక్కడ పౌండ్లలో వస్తాయి: 600, 800, 1000, 1200 అలా. 360 కిలోలంటే సుమారు 800 పౌండ్లు. కానీ కారు వెనక యాక్సిల్‌కి వెనక, డిక్కీలో వేసే సామాను కూడా ఇందులో కలపాలి. ఒక 80, 90 కిలోలు కలిస్తే 1000 పౌండ్ల బార్లు తీసుకోవాలి. "ఎందుకైనా మంచిది" అని 1400 తీసుకోవడం మన వాళ్లకి అలవాటు. మరీ మొండి బార్లు వంగవు, ప్రతి గుంటలోనూ ఆ దెబ్బ ట్రైలర్ ఫ్రేముకీ కారు రిసీవర్‌కీ తగులుతుంది.

తర్వాత డ్రైవర్ డోరు తెరిస్తే తలుపు చట్రం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంత దాటకూడదని. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసే టోయింగ్ కెపాసిటీ కన్నా ఈ చిన్న అంకె ముఖ్యం. ఆ పెద్ద అంకెకీ ఒక పద్ధతి ఉంది, కాదనను. 2008లో అమెరికా ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ నుంచి జె2807 అనే ప్రమాణం వచ్చాక కంపెనీలు అరిజోనాలోని డేవిస్ డ్యామ్ ఎక్కుడు లాంటి చోట్ల ఒకే రకం పరీక్షలతో తేల్చడం మొదలుపెట్టాయి. అంతకు ముందు ఎవరికి తోచింది వాళ్లు రాసుకునేవారు. కానీ లాగగలగడం వేరు, మోయగలగడం వేరు. ముక్కు బరువు 360, హిచ్ 45, నలుగురు మనుషులు 280, డిక్కీ సామాను 90 కలిపితే 775. స్టిక్కర్ మీద 700 అని ఉంటే కారు నాలుగు టన్నులు లాగగలిగినా మీకు సరిపోనట్టే. బార్లు ట్రైలర్ మీదికి పంపే 35 కిలోలు ఈ లోటు పూడ్చవు.

రిసీవర్ మీద కూడా రెండు అంకెలుండవచ్చు, బార్లు లేకుండా ఎంత, బార్లతో ఎంత అని. కొన్ని కార్ల మాన్యువళ్లు బార్ల హిచ్ అసలు వద్దంటాయి. కొన్ని ట్రైలర్ ఫ్రేములూ ఆ బలానికి కట్టినవి కావు. ముక్కు లోపలికి నొక్కుకోవడం వల్ల పనిచేసే సర్జ్ బ్రేకులున్న ట్రైలర్‌కి ఏ హిచ్ పడితే ఆ హిచ్ పనికిరాదు, సరిపడేదని కంపెనీ చెప్పిందే వాడాలి. ఈ మూడూ డబ్బు కట్టకముందు చూసుకోవాల్సినవి.

టైర్ల గాలి గురించి ఒక్క మాట. కారు వెనక టైర్లు మెత్తగా ఉంటే వాటి పక్కగోడలు అటూ ఇటూ ఒరుగుతూ ఊగుడుకి తోడ్పడతాయి. ట్రైలర్ టైర్లూ అంతే. పొద్దున బయల్దేరే ముందు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోవాలి.

ఇంత చేసినా ఎప్పుడో ఒకప్పుడు ఊగుడు మొదలైతే యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీయండి. స్టీరింగ్ నిటారుగా పట్టుకోండి, ఊపుకి ఎదురు తిప్పొద్దు. మన చెయ్యి ఎప్పుడూ అర ఊపు ఆలస్యంగానే తిరుగుతుంది, దాంతో ఊపు పెరుగుతుంది. కారు బ్రేకు గట్టిగా తొక్కొద్దు. డాష్‌బోర్డు దగ్గర ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్‌కి చేత్తో నొక్కే మీట ఉంటుంది. అది నొక్కితే ట్రైలర్ బ్రేకులు మాత్రమే పట్టి, దాన్ని వెనక్కి లాగి గీతలోకి తెస్తాయి. ఆ మీట ఎక్కడుందో చీకట్లో కూడా చెయ్యి వెళ్లేలా ముందే అలవాటు చేసుకోవాలి. తర్వాత పక్కన ఆపి సామాను మార్చాలి. టెన్షన్ తగ్గిందని అలాగే పోకూడదు.

మన దగ్గర కారు వెనక ట్రైలర్ ఇంకా అరుదే. కారవాన్ అంటే మనకి ఎక్కువగా ఒకే బండిలో మంచాలు, వంటగది. అయినా ఈ మధ్య అరకు, లంబసింగి వైపు వెళ్లడానికి చిన్న క్యాంపర్ ట్రైలర్ కట్టించుకుంటాం అని అడిగేవాళ్లు కనబడుతున్నారు. 700, 750 కిలోల ట్రైలర్‌కి, దాన్ని లాగేది స్కార్పియో లాంటి చాసీ ఉన్న బండి అయితే, బార్ల హిచ్ అవసరం లేదు. ముక్కు బరువు 75 నుంచి 100 కిలోలు, అదీ కాటా మీద తూచి. ట్రైలర్ నేలకి సమానంగా నిలిచే ఎత్తులో బాల్. అది బంపర్‌కి కాదు, చాసీకి బోల్టులతో బిగిసి ఉండాలి. వెల్డింగ్ చేసేసి పంపుతామంటే ఒప్పుకోవద్దు. మన చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే, దానికి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. అనంతగిరి ఘాట్‌లో వేగం తక్కువ కాబట్టి అక్కడ చూసుకోవాల్సింది బ్రేకులు, దిగేటప్పుడు చిన్న గేరు. ఊగుడు కనబడేది ఆనందపురం, పెందుర్తి, అనకాపల్లి మధ్య ఆరు వరుసల రోడ్డు మీదే. నున్నటి రోడ్డు, పక్క గాలి, పక్కనుంచి దూసుకుపోయే బస్సులు. కొత్త ట్రైలర్‌తో మొదటిసారి ఆ రోడ్డెక్కినప్పుడు అరవైతో మొదలుపెట్టి, ఐదేసి కిలోమీటర్లు పెంచుతూ అద్దంలో ట్రైలర్ తోకని చూస్తూ పొండి. ఎక్కడ అది కుదురుకోవడానికి ఒక ఊపు ఎక్కువ తీసుకుందో, దానికి పదిహేను తగ్గించి అదే మీ పరిమితి అనుకోండి.